తాళం వేసిన బిళ్ళ

తొమ్మిదో అడుగు దగ్గర పచ్చదీపం ఆరిపోయింది.

చేతిలో చిన్న పెట్టె పట్టుకుని వరండాలో నడుస్తున్న టెస్టింగ్ మాస్టారు ఆగాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, దీపం వెలిగింది. మళ్ళీ ముందుకు వేశాడు, ఆరిపోయింది.

"తొమ్మిదేనండి," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. రావలసినవి నలభై.

టెస్టింగ్ గది గుమ్మంలో ముగ్గురు నిలబడి ఉన్నారు. ముందు కంపెనీ నడిపే మేడమ్, ఆవిడ పక్కన డిజైన్ విభాగం చీఫ్, వాళ్ళిద్దరి వెనక స్కేలక్క. ఇరవై రెండేళ్ళుగా సర్క్యూట్ బోర్డులు గీస్తున్న మనిషి. పనంతా కంప్యూటర్ తెర మీదికి వచ్చేసినా జేబులో స్టీలు స్కేలు లేకుండా కుర్చీలో కూర్చోదు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

లోపల బల్ల మీద, తెల్లటి స్పాంజి ముక్క మీద ఉంది ఆవిడ గీసిన బోర్డు. బొటనవేలంత ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కాలికి కట్టే మెత్తటి పట్టీలో దాన్ని అమర్చాలి. బిడ్డ ఊపిరి ఆగితే, వార్డు చివర నర్సు దగ్గరున్న పెట్టెలో గంట మోగాలి. ఆసుపత్రిలో ఆ వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే నలభై అడుగులు. శుక్రవారం పొద్దున అక్కడి హెడ్ నర్సు ముందు పనిచేయించి చూపించాలి. ఇవాళ సోమవారం.

"రేడియో బిళ్ళ మంచిదే మేడమ్," అన్నాడు చీఫ్. "చేసినవాళ్ళు పరీక్ష కాగితాలు కూడా ఇచ్చారు. లోపం బోర్డు గీసిన తీరులోనే ఉంది."

స్కేలక్క గొంతు తగ్గించలేదు.

"ఎక్కడుందో చూపించండి సార్."

అందరూ ఆవిడ బల్ల దగ్గరికి నడిచారు. స్కేలక్క తెర మీద బోర్డు తెరిచింది. సన్నటి రాగి దారులన్నీ వంకర లేకుండా, మలుపుల దగ్గర ఒద్దికగా తిరిగి ఉన్నాయి. వాటి మధ్య ఒక బూడిదరంగు దీర్ఘచతురస్రం. రెండు పక్కలా పన్నెండేసి కాళ్ళు. మధ్యలో చిన్న తాళం గుర్తు. అంతే.

అదే రేడియో బిళ్ళ. అసలుది మందు మాత్రంత, నల్లగా, నున్నగా ఉంటుంది. మార్కెట్లోకి అప్పుడే వచ్చిన సరుకు. లోపలి పనితనం ఎవరూ కాపీ కొట్టకుండా, చేసిన కంపెనీ దాని బొమ్మని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, ఫైలుగా పంపింది. ఆ ఫైలుని ఎవరైనా లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసుకోవచ్చు, బోర్డు మీద పెట్టుకోవచ్చు. బయటి అంచూ కాళ్ళూ కనపడతాయి. లోపల యాంటెనా ఎక్కడుందో చూడాలంటే మాత్రం తాళంచెవి కావాలి. అది ఈ ఆఫీసుకి ఒక్కటే వచ్చింది, చీఫ్ పేరు మీద.

చీఫ్ తన ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టి, అదే ఫైలు తెరిచాడు. స్కేలక్క మెడ కొంచెం చాచింది. చీఫ్ తెరని మేడమ్ వైపు తిప్పేశాడు.

"మీరు చూడకూడదండీ. షరతులు ఒప్పుకుని సంతకాలు పెట్టింది మేడమూ నేనూ. మేడమ్, ఇదుగో యాంటెనా, ఎడమ చివర. దాని దగ్గర నాలుగు మిల్లీమీటర్లు రాగి లేకుండా ఖాళీ వదలమని ఈవిడకి రాసిచ్చాను."

"వదిలాను సార్. ఒక్క గీత కూడా లేదు అక్కడ."

"ఎక్కడినుంచి కొలిచారు?"

"బిళ్ళ అంచు నుంచి."

"అంచు నుంచి కాదు, యాంటెనా నుంచి కొలవాలి."

"యాంటెనా నాకు కనపడదు కదండీ."

"కనపడకపోతే అడగాలి."

"రెండుసార్లు అడిగాను. గీసే పని మీది, చూసే పని మాది అన్నారు మీరు."

చీఫ్ చెవులు ఎర్రబడ్డాయి. మేడమ్ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి. రాత్రింబగళ్ళు ఆ పట్టీ గురించే ఆలోచిస్తూ నెలరోజుల్లో సగమైపోయింది.

"ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు అన్నది తర్వాత. ఈ బోర్డు బయటి వాళ్ళకిచ్చి మళ్ళీ గీయిద్దాం. శుక్రవారం కుదరదని ఆసుపత్రికి గురువారం చెప్తాను, ఇంకేం చేస్తాం. ఇప్పటికే ఇద్దరి పరికరాలు తిప్పి పంపింది ఆ హెడ్ నర్సు. మనకి ఇంకో అవకాశం ఇస్తుందో లేదో." ఒక్క క్షణం ఆగి, స్కేలక్క వైపు చూడకుండానే అంది, "వచ్చే సోమవారం నుంచి మీరు డాక్యుమెంట్ల విభాగంలో కూర్చోండి. అక్కడ మనుషులు తక్కువున్నారు."

డాక్యుమెంట్ల విభాగం అంటే పెట్టెల మీద అంటించే చీటీలకి నంబర్లు వేసుకోవడం. ఇరవై రెండేళ్ళలో స్కేలక్క గీసిన బోర్డు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ సంగతి ఆ గదిలో నలుగురికీ తెలుసు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని పాత కోటుకి గుండీలు కుడుతున్నారు. ముప్ఫై ఏళ్ళు దర్జీ పని చేసిన చెయ్యి. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా సూది మాత్రం దారి తప్పదు. కోడలు చెప్పులు విప్పిన చప్పుడు బట్టే ఆవిడ కనిపెట్టేశారు.

"ఏం జరిగింది?"

స్కేలక్క కూర్చుని అంతా చెప్పింది. అత్తగారు దారం కొరికి, గుండీ లాగి చూసుకుని, అప్పుడడిగారు.

"అమ్మాయ్, నువ్వు తప్పు చేశావా?"

"లేదత్తయ్యా. చెప్పింది చెప్పినట్టు చేశాను."

"అయితే మొహం అలా వేలాడేసుకోవడం దేనికి? తప్పు చేసినవాళ్ళకి కొంచెం మిగల్చు."

స్కేలక్కకి నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెంటిలో ఏది ముందో తేల్చుకోలేక కొంగుతో మూతి తుడుచుకుంది.

"మనిషిని ముట్టుకోకుండా చొక్కా కుట్టమనేవాళ్ళు నా దగ్గరికీ వచ్చేవారు," అన్నారు అత్తగారు. "కొలతలు చీటీ మీద రాసి పంపేవారు. భుజం దగ్గర పట్టేస్తే తిట్లు మాత్రం నాకే. నేనేం చేసేదాన్నో తెలుసా? మనిషిని రమ్మనేదాన్ని. రానంటే కుట్టేదాన్ని కాదు."

"నా బిళ్ళ రమ్మంటే వచ్చేది కాదత్తయ్యా. తాళం వేసుకుని కూర్చుంది."

"బిళ్ళ నీ బల్ల మీదే ఉందన్నావు కదా. తాళం ఉన్నది దాని బొమ్మకి కదూ?"

అత్తగారు ఆ మాట అనేసి తర్వాతి గుండీ అందుకున్నారు. స్కేలక్క మాత్రం అలాగే కూర్చుండిపోయింది.

మంగళవారం పొద్దున ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళలేదు. సరాసరి టెస్టింగ్ గదిలోకి వెళ్ళింది.

"మాస్టారూ, ఆ బోర్డు ఒకసారి వెలిగిస్తారా? లెన్సు కింద చూడాలి."

మాస్టారు ప్లాస్టిక్ పట్టకారుతో బోర్డుని కుడి చివర పట్టుకుని ఎత్తాడు. సన్నటి తీగలు తగిలించి, బోర్డు పంపే రేడియో బలం చూపించే మీటరు ఆన్ చేశాడు. ముల్లు అరవై దగ్గర నిలబడింది. స్కేలక్క బోర్డుని వేళ్ళతోనే అందుకుంది. ఎడమ చివర, తను ఖాళీగా వదిలిన చోట, బొటనవేలూ చూపుడువేలూ గట్టిగా పట్టుకుని లెన్సు కిందికి తెచ్చింది.

"అయ్యో, అక్కడ ముట్టుకోకు," అన్నాడు మాస్టారు. "అది యాంటెనా చివర. వేలు తగిలితే ముల్లు పడిపోతుంది."

స్కేలక్క మీటరు వైపు చూసింది. మాస్టారూ చూశాడు. ముల్లు అరవై దగ్గరే ఉంది. మెదలలేదు.

ఆవిడ ఇంకా గట్టిగా నొక్కింది. అరవై.

అప్పుడు బోర్డుని మెల్లిగా తిప్పి, కుడి చివర, ఎవరూ పట్టించుకోని చోట, చూపుడువేలు ఆనించింది. ముల్లు కొండ మీంచి దొర్లినట్టు ఇరవైకి పడిపోయింది. వేలు తీసింది, అరవై. పెట్టింది, ఇరవై.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నలభై ఏళ్ళ సర్వీసమ్మాయ్ నాది," అన్నాడు మాస్టారు, కుర్చీ వెతుక్కుని కూర్చుంటూ. "యాంటెనా ఎడమ చివరుందని చెప్పారని ఎడమ చివర ఒక్కసారి కూడా వేలు పెట్టలేదు నేను. జాగ్రత్తనుకుని కుడి చివర పట్టకారు పెట్టి పట్టుకున్నానే తప్ప..." ఆయన తనని తానే తిట్టుకోబోయి మానేశాడు.

"వేలితో చూపిస్తే ఒప్పుకోరు మాస్టారూ. కొలిచి చూపించాలి."

మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆ గదిలోంచి బయటికి రాలేదు. బోర్డు అసలు లేకుండా, వట్టి బిళ్ళనే ఒక చెక్కముక్క మీద అంటించి, దాని కాళ్ళకి వెంట్రుకల్లాంటి తీగలు అతికాడు మాస్టారు. స్కేలక్క దాని పక్కన గళ్ళ కాగితం పరిచింది. ఆవగింజంత రాగి రేకు ముక్కని ఒక పుల్ల చివర అంటించి, బిళ్ళ మీద అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోయింది. జరిపిన ప్రతిసారీ మాస్టారు మీటరు చదివేవాడు, ఆవిడ గడిలో రాసేది. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది. తొంభై ఎనిమిది. ఎడమ సగమంతా అదే వరస. మధ్య దాటాక డెబ్భై. నలభై ఒకటి. ఇరవై ఆరు. మళ్ళీ కొంచెం లేచి ముప్ఫై మూడు, మళ్ళీ పడి ఇరవై రెండు. ఎక్కడ పడిందో అక్కడ పెన్సిలుతో నలుపు చేసింది. ఎక్కువ పడినచోట ఎక్కువ నలుపు.

గళ్ళన్నీ నిండేసరికి కాగితం మీద ఒక ఆకారం లేచింది. కుడి చివరని ఆనుకుని, అటూ ఇటూ మూడుసార్లు మెలిక తిరిగిన సన్నటి దారి. ఇంకో రెండు బిళ్ళలు తీసి మొదటినుంచి కొలిచారు. మూడు కాగితాల మీదా అదే మెలిక, అదే చోట.

స్కేలక్క మూడు కాగితాలూ తీసుకుని చీఫ్ గదిలోకి వెళ్ళింది. అతను చూశాడు. మర్యాదగానే చూశాడు. తర్వాత వెనక్కి జరిపాడు.

"చాలా శ్రమపడ్డారు. కానీ నేను తాళం తీసి నా కళ్ళతో చూశానండీ. యాంటెనా ఎడమ పక్కే ఉంది."

"మీరు చూసింది బొమ్మ సార్. మేము కొలిచింది వస్తువు."

"అది చేసినవాళ్ళు పంపిన బొమ్మ. వాళ్ళ వస్తువు వాళ్ళకి తెలియదా? రేకు ముక్కా పుల్లా పెట్టి మనం చెప్పాలా?"

"మెలికలు మూడేనా సార్, మీరు చూసినవి?"

చీఫ్ జవాబు చెప్పబోయి నోరు మూసుకున్నాడు. లోపలి సంగతి బయటికి చెప్పకూడదని షరతు. కానీ అతని కళ్ళు మళ్ళీ ఒకసారి ఆ కాగితం మీదికి వెళ్ళడం స్కేలక్క చూసింది.

"శుక్రవారం ఎలాగూ పోయింది," అన్నాడు అతను. "వదిలేయండి."

స్కేలక్క వదల్లేదు. బుధవారం పొద్దున ఒక ఖాళీ బోర్డు, ఇంకా ఏ ముక్కా అతకనిది, స్టోర్సులోంచి అడిగి తెచ్చుకుంది. బిళ్ళ కుడి చివర కూర్చోబోయే చోట, బోర్డు పైనా అడుగునా రాగి పరుచుకుని ఉంది. తను గీసిన రాగే. అంచులు చక్కగా రావాలని ఎన్ని గంటలు కూర్చుందో ఆవిడకి గుర్తుంది. పెన్సిలు చెక్కే బ్లేడు పక్కన పడేసి, సన్నటి సర్జరీ కత్తి తీసుకుంది. లెన్సు కింద తల వంచి, స్కేలు ఆనించి, ముందు ఆకుపచ్చ పూతని గీసింది. తర్వాత రాగిలోకి కత్తి దింపింది. కొంచెం లోతు ఎక్కువైతే బోర్డు చిరుగుతుంది, తక్కువైతే రాగి లేవదు. పూర్తిగా తెగిన అంచు కింద కత్తి మొన దూర్చి ఎత్తితే, రాగి ఉల్లిపొరలా చుట్టుకుంటూ లేచింది. మెడ పట్టేసింది. ఆగి, మెడ తిప్పుకుని, బోర్డు తిరగేసి రెండో పక్క మొదలుపెట్టింది. ఆ చివర దాటుకుంటూ పోయిన రెండు దారులు తెగిపోతే, వాటికి బదులు సన్నటి తీగలు చుట్టూ తిప్పి వేసింది.

బిళ్ళనీ మిగతా ముక్కలనీ మాస్టారు అతికాడు. మీటరుకి తగిలిస్తే ముల్లు చివరికంటా వెళ్ళి, అంచుకి కొట్టుకుని ఆగింది.

"మేడమ్‌ని పిలవనా?" అన్నాడు మాస్టారు.

"చీఫ్‌ని కూడా పిలవండి. ఇద్దరూ ఉండాలి."

ఈసారి పెట్టె మేడమే పట్టుకుంది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టుకుంటూ వరండాలో నడిచింది. తొమ్మిది దగ్గర చిన్నగా తడబడి, దీపం చూసుకుని ముందుకు వెళ్ళింది. ఇరవై. ముప్ఫై. నలభై దగ్గర వరండా అయిపోయింది. దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. ఆవిడ అక్కడే గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. వెనక్కి తిరిగినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి.

"బోర్డు ఎవరు మార్చారు?"

"ఆవిడే," అన్నాడు మాస్టారు. "కత్తితో."

చీఫ్ ఫోను తీసి, బిళ్ళ చేసిన కంపెనీకి కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల ఒక ఇంజనీరు పలికాడు. చీఫ్ జరిగింది చెప్పి, స్కేలక్క కాగితం ఫొటో పంపాడు. అది చూడగానే అవతలి గొంతు మారిపోయింది.

"ఇది లోపలి బొమ్మ. ఇది మీకెలా తెలిసింది? తాళం ఎవరు పగలగొట్టారు?"

చీఫ్ స్కేలక్క వైపు చూసి, ఫోను ఆవిడ ముందుకి జరిపాడు.

"ఎవరూ పగలగొట్టలేదండీ," అంది స్కేలక్క. "మీ బిళ్ళ మీద రాగి ముక్క జరుపుకుంటూ పోయాను. ఎక్కడ తాకితే మీటరు పడిందో అక్కడ నలుపు చేశాను. మీ ఫైలు లోపల యాంటెనా ఎడమ పక్క ఉందట. వస్తువులో కుడి పక్క ఉంది. మీరు ఒకసారి చూసుకోండి."

కీబోర్డు టకటక వినపడింది. ఎవరినో పిలిచిన చప్పుడు. ఇద్దరు గుసగుసలాడుకున్నారు. నాలుగైదు నిమిషాలు పట్టింది.

"అవునండీ," అన్నాడతను, ఈసారి మెత్తగా. "ఫైలు తయారుచేసేటప్పుడు లోపలి బొమ్మ కుడి ఎడమగా తిరిగిపోయింది. అంచూ కాళ్ళూ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తాళం వేసేశాక మేము కూడా మళ్ళీ తెరిచి చూడలేదు. క్షమించాలి. ఈ ఫైలు ఇంకా చాలామందికి వెళ్ళింది. వాళ్ళందరికీ ఇవాళే చెప్తాం. మొదట పట్టుకున్నది మీరే. మీ పేరు చెప్తారా?"

స్కేలక్క చెప్పింది. హాజరు పట్టీలోని పేరు. మాస్టారు కూడా తల తిప్పి చూశాడు, అంత చక్కటి పేరు ఉందని ఇన్నాళ్ళూ తెలియనట్టు.

ఫోను పెట్టేశాక మేడమ్ స్కేలక్క వైపు తిరిగింది. "సోమవారం నేనన్న మాట..."

"డాక్యుమెంట్ల విభాగానికి వెళ్ళను మేడమ్," అంది స్కేలక్క. "అడిగినప్పుడు చూపించకపోతే ఇకమీదట గీయను కూడా. అది మాత్రం రాసిపెట్టుకోండి."

కోపంగా అనలేదు. గుండీ ఊడిందని చెప్పినంత మామూలుగా అంది. మేడమ్ తల ఊపింది. ఊపి, నిజంగానే నోటు పుస్తకం తీసి రాసుకుంది.

గురువారం సరిచేసిన ఫైలు వచ్చింది. చీఫ్ తన గదిలో తాళంచెవి పెట్టి తెరిచాడు. స్కేలక్క తన బల్ల దగ్గర, చేత్తో చెక్కిన మార్పులని తెర మీద బోర్డులోకి ఎక్కిస్తోంది. అడుగుల చప్పుడుకి తలెత్తింది. చీఫ్ ల్యాప్‌టాప్ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ పక్కన ఉన్న పొట్టి స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

"మీ పేరు మీద కూడా అనుమతి తీసుకున్నాను. కాగితం ఇదుగో, సంతకం పెట్టండి. పెట్టాక ఇది చూడండి."

ఆవిడ సంతకం పెట్టింది. అతను తెరని ఆవిడ వైపు పూర్తిగా తిప్పాడు. రంగురంగుల గీతలు. కుడి చివర ఎర్రగా, మూడు మెలికల దారి.

"మీ కాగితాలతో కలుస్తోందా?" అని అడిగాడు. "నాకు సరిగ్గానే కనపడుతోంది. పోయినసారీ నాకు సరిగ్గానే కనపడింది. అందుకని మీరు అవునంటేనే వాడదాం."

స్కేలక్క వెంటనే అవుననలేదు. గళ్ళ కాగితం తీసి తెర పక్కన పెట్టి, మెలిక మెలికకీ కొలిచింది. చీఫ్ స్టూలు మీద కదలకుండా, పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న వాడిలా కూర్చున్నాడు.

"రెండో మెలిక దగ్గర నేను పావు మిల్లీమీటరు తప్పాను," అంది చివరికి. "మిగతాది కలుస్తోంది. వాడుకోవచ్చు."

"నేను ఆ రోజు అన్న మాటకి..." అని మొదలుపెట్టి, చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ ముందు అన్నాను. మేడమ్ ముందే తప్పైపోయిందంటాను. మీరు కూడా ఉండండి."

అన్నాడు కూడా. ఆ సాయంత్రమే, టీ కప్పులు పట్టుకుని ఆఫీసంతా నిలబడి ఉండగా.

శుక్రవారం పొద్దున ఆసుపత్రి వార్డు ఒక సగం ఖాళీ చేయించి ఉంచారు. హెడ్ నర్సు పొట్టిగా, గట్టిగా, మాటకి ముందు గడియారం చూసుకునే మనిషి. రాగానే ఒక్కటే అంది.

"పోయినసారి వచ్చినవాళ్ళు గుమ్మం దాటకముందే వాళ్ళ గంట మూగబోయింది. నా పిల్లలతో ఆటలొద్దు. పనిచేయకపోతే ఇప్పుడే చెప్పేయండి."

మేడమ్ నోరు తెరవబోయింది. చీఫ్ ముందుకి వచ్చాడు. "బోర్డు గీసింది ఈవిడండీ. అడిగేదేదైనా ఈవిడనే అడగండి." అనేసి పక్కకి తప్పుకున్నాడు.

స్కేలక్క పట్టీని ఒక బొమ్మ కాలికి కట్టి, చివరి మంచం మీద పడుకోబెట్టింది. లోపల ఉన్నది కత్తితో చెక్కిన బోర్డే. పెట్టె హెడ్ నర్సు చేతిలో పెట్టింది.

"నేను ఈ మీట నొక్కితే ఊపిరి ఆగినట్టు. మీరు ఎంత దూరం కావాలంటే అంత దూరం వెళ్ళండి."

మీట నొక్కింది. పెట్టెలో గంట మోగింది. నర్సు ఉలిక్కిపడి, తర్వాత పెదవి బిగించి నడక మొదలుపెట్టింది. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టసాగాడు. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. నర్సు తన బల్ల దగ్గర ఆగలేదు. వార్డు తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. గంట తలుపు అవతల మోగింది. ఆపైన మెట్ల మీద మోగింది. మాస్టారు లెక్క ఎక్కడో తప్పి, వేళ్ళు మడవడం మానేసి, అందరితోపాటు కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

కింద ఆవరణలో ఎండ పడుతోంది. హెడ్ నర్సు అంబులెన్సులు ఆగే చోటు కూడా దాటి, గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో పెట్టె తల మీదికి ఎత్తి పట్టుకుంది. లోపలికి వచ్చేవాళ్ళు ఆగి ఆవిడనే చూస్తున్నారు. గంట గణగణమంటూ పై అంతస్తు దాకా వినిపిస్తోంది.

"చాలమ్మా!" అని అరిచింది కింది నుంచి, మొహమంతా నవ్వుతో. "సోమవారం నుంచే తెచ్చి కట్టండి! ఇక ఆపండి, చెవులు పోతున్నాయి!"

స్కేలక్క మీట మీద వేలు పెట్టింది. వెంటనే నొక్కలేదు. ఇంకో నాలుగు సార్లు మోగనిచ్చింది.